పారసీకము నేర్చు పిల్లవానికి ఏ నిఘంటువు కొనవలెను?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు పాఠశాల సభలో పారసీక నిఘంటువును గూర్చిన ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. కారణము ముందుగనే మనవి చేసికొందుము. మన బడిలో చదువు ముగించుకొని కళాశాలకు పోయిన పిల్లలలో ఇద్దరు ముగ్గురు పారసీకమును ఐచ్ఛిక భాషగా తీసికొన్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము తెలుగు, తమిళము, కన్నడము, పాలీ, ప్రాకృతము మున్నగు భాషలను పేర్కొన్న వరుసలోనే పారసీకమును గూడ ఈ దేశపు ప్రాచీన సాహిత్య భాషలలో నొకటిగ పేర్కొన్నది. కావున ముందు ముందు ఈ సంఖ్య పెరిగినను పెరుగవచ్చును. ఆ పిల్లల తండ్రులు మమ్ము రెండు ప్రశ్నలడిగినారు. ఏ నిఘంటువు కొనవలెననునది మొదటిది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఆంగ్లము, వీని నడుమ నలుగుచున్న పిల్లవానికి ఇంకొక పరాయి భాష యేల యనునది రెండవది. మొదటిదానికి సరియైన సమాధానము చెప్పినచో రెండవది సగము తీరునని మా నమ్మకము.

మనమందరమును ఎరిగిన ఒక మాటతో మొదలు పెట్టుదము. ఈ షోలాపురములో చాదరు అను మాట తెలియని ఇల్లు లేదు. మన పెద్దలు తెలంగాణము నుండి ఇచ్చటికి వచ్చి మగ్గములు పాతుకొన్న నాటి నుండి ఎన్ని వేల కుటుంబములు చాదరు నేసి అన్నము తినినవో! ఇది పారసీక పదము. నేడు ఇరాను దేశములో దీనిని ‘చాదొర్’ అని పలుకుదురు. అచ్చటి స్త్రీలు తల నుండి పాదముల వరకు కప్పుకొను వస్త్రమునకు అది పేరు. గుడారమునకు గూడ అదియే పేరు. మనము కప్పుకొని నిద్రించు దుప్పటి అను అర్థము వారికి వెంటనే తోపదు. ఇప్పుడు కొనదలచిన నిఘంటువులో ఈ యొక్క పదమును వెదకి చూడుడు. ‘చాదర్’ అని ఉచ్చారణ మిచ్చి, దుప్పటి, పైవస్త్రము, గుడారము అని అర్థములు కుప్పగా పోసినచో అది ప్రాచీన గ్రంథముల కొరకు చేసినది. ‘చాదొర్’ అని యిచ్చి, ఏ యర్థము నేడు వాడుకలో నున్నదో తెలిపినచో అది నేటి ఇరాను భాష కొరకు చేసినది. రెండును మంచివే కావచ్చును. పిల్లవాడు చదువబోవునది ఏది యనునదే ప్రశ్న. సాదీ, హాఫిజుల పద్యములు పాఠ్యముగా నున్నవానికి ఒకటి, టెహరాను వార్తాపత్రిక చదువదలచినవానికి వేరొకటి. పుస్తకము కొనుటకు ముందు పాఠ్య ప్రణాళికను చూడుడు. చాలమంది దీనిని మరచి, అంగడిలో నున్న వానిలో లావుపాటి దానిని ఎన్నుకొందురు.

పారసీకమును అరబ్బీ లిపిలో వ్రాయుదురు. అరబ్బీకి ఇరువది యెనిమిది అక్షరములు. పారసీకులు తమ ధ్వనుల కొరకు మరి నాలుగింటిని చేర్చుకొని ముప్పది రెండు చేసికొన్నారు. చిక్కు అక్షరముల సంఖ్యలో లేదు. హ్రస్వ స్వరములను వ్రాయరు, అదియే చిక్కు. క, ర, మ అను మూడు హల్లులు మాత్రమే పుటపై నుండును. దానిని ‘కరమ్’ అని చదివిన దయ, ఔదార్యము; ‘కెర్మ్’ అని చదివిన పురుగు; ‘కెరెమ్’ అని చదివిన నేటి వాడుకలో ముఖమునకు రాచుకొను క్రీము. ఔదార్యమునకు పురుగు పట్టించిన విద్యార్థులను మేమెరుగుదుము. కావున ప్రతి పదమునకును ఉచ్చారణ నీయని నిఘంటువు, ఎంత ప్రసిద్ధమైనదైనను, నేర్చుకొనువానికి పనికిరాదు.

ఆ ఉచ్చారణ ఏ కాలపుది, ఏ దేశపుది యనునది గూడ చూడవలెను. మన దేశములో శతాబ్దముల తరబడి నేర్పిన పారసీకములో హృదయము ‘దిల్’, పుష్పము ‘గుల్’. నేటి టెహరానులో అవి ‘దెల్’, ‘గొల్’. మన పాత పద్ధతిలో సింహము ‘షేర్’, పాలు ‘షీర్’. ఇరానులో ఈ భేదము పోయి రెండును ‘షీర్’ అయినవి. మన తెలుగువారు ‘రోజు’ అనుచున్న మాట ఆ పాత ఉచ్చారణమును నేటికిని నిలుపుకొన్నది. ఇరానులో అది ‘రూజ్’. ఇచ్చట మన పిల్లలకు ఒక సౌకర్యము కలదు. ఎ, ఏ, ఒ, ఓ అను నాలుగును మన లిపిలో వేరువేరుగా నున్నవి. మరాఠీ వ్రాయు నాగరిలో హ్రస్వమైన ఎ, ఒ లకు సామాన్యముగ గుర్తులు లేవు. ఆంగ్లమున నైతే పై నొక గీత, క్రింద నొక చుక్క పెట్టి అవస్థపడవలెను. తెలుగు చక్కగా వ్రాయనేర్చిన పిల్లవాడు ‘దెల్’ అని, ‘దిల్’ అని, ‘షేర్’ అని, ‘షీర్’ అని యథాతథముగా తన పుస్తకములో వ్రాసికొనగలడు. తెలుగు లిపి ఇంటి గుమ్మము దాటి పనికిరాదని తలచు తండ్రులకు ఈ మాట ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము.

ఇక క్రియల సంగతి. సంస్కృతములో ధాతువును పట్టుకొనినట్లు పారసీకములో రెండు రూపములను పట్టుకొనవలెను. చూచుట ‘దీదన్’, కాని చూచుచున్నాను అనుటకు ‘మీబీనమ్’ అందురు. ‘దీదన్’కును ‘బీన్’కును చెవికి ఏ పోలికయు లేదు. పిల్లవాడు ‘మీబీనమ్’ అను రూపమును చూచి బకారములో వెదకును. అచ్చట ‘బీన్’ అను మాటకెదురుగా ‘దీదన్ చూడుము’ అని వ్రాసియున్నచో వాడు గట్టెక్కును. లేనిచో పుస్తకము మూసివేయును. అంగడిలో నిలుచుండియే ఈ పరీక్ష చేయవచ్చును. అట్లే సమాస క్రియలు. ‘జమీన్’ అనగా నేల, ‘ఖొర్దన్’ అనగా తినుట. రెండును కలిసి ‘జమీన్ ఖొర్దన్’ అనగా పడిపోవుట. ‘ఫెరీబ్ ఖొర్దన్’ అనగా మోసపోవుట. దెబ్బలు తిను, చీవాట్లు తిను మన భాషవారికి ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. ఆంగ్లము ద్వారా మాత్రమే చదువువానికి వింత. ఇట్టి పదబంధములను విడిగా చూపని నిఘంటువు సగము నిఘంటువే.

విని వెదకుట ఇంకను కష్టము. ‘జ’కు దగ్గరగా వినిపించు ఒకే ధ్వనికి పారసీక లిపిలో నాలుగు అక్షరములు కలవు. మనకు తెలిసిన కచేరి మాటలలోనే ఆ నాలుగును దొరకును. బజారులోనిది ఒకటి, హాజరులోనిది ఒకటి, న్యాయస్థానపు నాజరులోనిది ఒకటి, కాగితమునకు మూలమైన ‘కాగజ్’లోనిది ఒకటి. పలుకుటలో భేదము లేదు, వ్రాతలో ఉన్నది. అందువలన ఆంగ్లము నుండి పారసీకమునకు పోవు చిన్న నిఘంటువొకటి తోడుగా నుండుట మేలు. విన్న మాటకు అర్థము ఊహించి, ఆ దారిని వచ్చి దాని అక్షరములను తెలిసికొనవచ్చును.

తెలిసిన మాటయే మోసము చేయు సందర్భములు మన పిల్లలకు ఎక్కువ. తనఖా అను మాటను చూడుడు. మనకు తాకట్టు, ఇల్లు తనఖా పెట్టినారందుము. మన పొరుగున మరాఠీలో తనఖా యనగా ప్రభుత్వ మిచ్చు భృతి. సంస్థానాధీశుల రాజభరణములను వారు తనఖాలే యన్నారు. నేటి ఇరాను కార్యాలయములలో అది చిల్లర ఖర్చులకై చేతి క్రింద నుంచుకొను సొమ్ము. మాట ఒకటే, అప్పు ఒక చోట, ఆదాయ మొక చోట! రాజీనామా మనకును మరాఠీ వారికిని ఉద్యోగము వదలుకొను పత్రము. మూలార్థము సమ్మతి పత్రము. ఇరానువారు ఉద్యోగ విరమణ పత్రమునకు వేరు మాట వాడుదురు. హక్కు అను మాటకు బహువచనము ‘హొఖూఖ్’. నేడు టెహరానులో దానికి హక్కులు, న్యాయశాస్త్రము అను అర్థములే గాక నెలజీతము అనియు అర్థము. మేము విద్యార్థులముగా నున్నప్పుడు బల్లపై గులాబు నుంచితినని పారసీకములో నొక వాక్యము వ్రాసి, సరిచూచిన పెద్దమనిషి చేత నవ్వించుకొన్నాము. ‘గొలాబ్’ అనగా పన్నీరు, పువ్వు కాదు. మా బల్ల తడిసినదని ఆయన అనుకొన్నాడు. ఇట్టి పొరపాట్లు నిఘంటువు లేక జరుగవు. తెలిసిన మాటే గదా యని నిఘంటువు విప్పకపోవుట చేత జరుగును.

ఇంతకును ఈ భాష మనకు పరాయిదా? పారసీక నిఘంటువుల చరిత్రలో రెండు గొప్ప గ్రంథములు తెలుగు నేలపై పుట్టినవని మనలో ఎందరికి తెలియును? గోలకొండను అబ్దుల్లా కుతుబ్‌షా పాలించుచుండగా, 1651–52 ప్రాంతమున తబ్రీజు వంశీయుడగు మహమ్మదు హుసేను అను పండితుడు ‘బుర్హానె ఖాతె’ అను నిఘంటువును రచించి ఆ ప్రభువునకు అంకితము చేసెను. ఆ కుతుబ్‌షాహీల ఫర్మానాలలో కొన్ని పారసీకమున, తెలుగున గూడ వ్రాయబడినవి. బుర్హాను నిఘంటువు దేశదేశములకు వ్యాపించి, 1818లో కలకత్తాలో అచ్చుపడెను. పదములను అక్షరక్రమమున సులభముగా దొరకునట్లు కూర్చుట దాని గుణము. కవుల ప్రయోగములను చూపకుండుట, వచ్చిన మాటనెల్ల చేర్చుకొనుట దాని దోషము. ‘దసాతీర్’ అను కల్పిత గ్రంథములోని కృత్రిమ పదములు కొన్ని అందులో జొరబడి, దానిని చూచి వ్రాసిన తరువాతి నిఘంటువులలోనికి గూడ ప్రాకినవి. 1862లో మహాకవి ఘాలిబ్ దీనిపై కత్తి దూసి ‘ఖాతె బుర్హాన్’ అను ఖండన గ్రంథమును ప్రచురించెను. దానిపై ప్రతిఖండనములు వచ్చి కొన్ని సంవత్సరములు పెద్ద కలహమే నడచెను. 1950 దశకమున టెహరానులో మహమ్మదు మొయీన్ పండితుడు దీనిని విపులమైన వివరణలతో పరిష్కరించెను.

రెండవది విజయనగరములో పుట్టినది. కన్యాశుల్క నాటకము ఎవరి ఆదరమున వెలసెనో ఆ ఆనంద గజపతి మహారాజు కొలువులోనే మహమ్మదు పాదుషా అను మున్షీ అరబ్బీ, పారసీక పదములకు ఒక మహానిఘంటువును కూర్చి, ప్రభువు పేరిట దానికి ‘ఫర్హంగె ఆనందరాజ్’ అని పేరిడెను. అది 1888 ప్రాంతమున పూర్తియై లక్నో నగరమున అచ్చయ్యెను. ఇరానువారు 1950 దశకమున దానిని ఏడు సంపుటములుగా టెహరానులో మరల ముద్రించుకొన్నారు. మన ఉత్తరాంధ్ర ప్రభువు పేరు నేటికిని ఇరాను పండితుల పుస్తకపు బీరువాలలో నున్నదన్నమాట. మరాఠీ దేశపు కథ దీనికి ఎదురు దిశలో నడచెను. శివాజీ మహారాజు ఆజ్ఞపై కూర్చిన రాజవ్యవహారకోశము కచేరిలోని పారసీక పదములకు బదులుగా సంస్కృత పదములను సూచించినది. తీసికొనుటకైనను త్రోసివేయుటకైనను ముందు నిఘంటువు కావలసివచ్చినది.

ఈ రెండు గ్రంథములును పారసీకమునకు పారసీకముననే అర్థము చెప్పునవి. పిల్లవానికి ఇప్పుడు కొనిపెట్టవలసినవి కావు. కొనవలసిన వాని సంగతి చెప్పుదము. ప్రాచీన సాహిత్యము చదువువానికి స్టైన్‌గాస్ పండితుడు 1892లో ప్రచురించిన పారసీకాంగ్ల నిఘంటువు నేటికిని ఆధారము. పదునైదు వందల పుటలకు మించిన గ్రంథము. రిచర్డుసన్, జాన్సన్ అను పూర్వుల కృషిపై కట్టిన మేడ యది; పారసీక గ్రంథములలో తగులు అరబ్బీ పదములు గూడ అందులో దొరకును. ఉచ్చారణ మన దేశపు పాత పద్ధతికి దగ్గర. కాని దానికి ఒక పెద్ద లోపము కలదు. ఒక్క పదమునకు పది పండ్రెండు అర్థములను వరుసగా చెప్పి, ఏది ముఖ్యమో, ఏది అరుదో చెప్పదు. మొదటి సంవత్సరపు విద్యార్థి మొదటి అర్థమును పట్టుకొని మునుగును. నేటి భాషకు సులేమాన్ హయీమ్ 1934–36 నడుమ టెహరానులో రెండు సంపుటములుగా వెలువరించిన నిఘంటువు మంచిది. ఆయన ఇరాను దేశపు యూదుడు. జీవితమంతయు నిఘంటువులకే ధారపోసినవాడు. పదము ఎట్లు వాడుదురో ఉదాహరణములతో చూపును. ఆంగ్లము నుండి పారసీకమునకు గూడ ఆయన నిఘంటువులు కలవు. వీనిలో చిన్న ప్రతి తొలి యేట చాలును. లండనులో బోధించిన లాంబ్టన్ పండితురాలు 1954లో తన వ్యాకరణమునకు తోడుగా ఒక పదకోశము ప్రచురించెను. చిన్నది, తొలి మెట్టునకు తగినది. దెహ్‌ఖొదా మహాశయుని ‘లొగత్‌నామె’, మొయీన్ పండితుని ఆరు సంపుటముల నిఘంటువు పై తరగతులకు చేరినవానికి. దెహ్‌ఖొదా 1956లో మరణించెను. ఆ నిఘంటువు ఆయన పోయిన తరువాత ఇరువది యేండ్లకు మించి సాగి గాని ముగియలేదు.

మా అభిప్రాయము సూటిగా చెప్పవలెనన్నచో, మొదటి యేట స్టైన్‌గాస్ కొనకుడు. అది చికాగో విశ్వవిద్యాలయమువారి అంతర్జాల స్థానమున ఉచితముగా చూచుకొనుటకు దొరకుచున్నది. ఆ సొమ్ముతో హయీమ్ చిన్న ప్రతి యొకటి కొనుడు. తెరపై వెదకినచో కోరిన పదమొక్కటే కనిపించును. పుట త్రిప్పినచో దాని చుట్టములందరును కనిపింతురు. అందుచేత ఒక్కటైనను కాగితపు పుస్తకము చేతిలో నుండవలెనని మా పట్టుదల. పాతకాలపు పట్టుదల యనుకొన్నను సరియే.

కొనునప్పుడు కన్నులు తెరచి కొనుడు. ఈ లిపిలో అక్షరములకు చుక్కలే ప్రాణము. క్రింద ఒక చుక్క యున్న ‘బ’, మూడు చుక్కలున్న ‘ప’, పైన రెండు చుక్కలున్న ‘త’, ఇవన్నియు ఒకే గీతకు చుక్కల భేదములు. ఛాయాచిత్ర పద్ధతిని చౌకగా తీసిన పునర్ముద్రణములలో సిరా అలికి చుక్కలు కలిసిపోవును. చిన్న అక్షరములున్న పుటనొక దానిని వెలుగులో పట్టి చూడుడు. పుటల సంఖ్యలను గూడ త్రిప్పి చూడుడు. మాలో నొకరు విద్యార్థి దశలో నాలుగు నెలలు కూడబెట్టి ఒక పునర్ముద్రణము కొన్నారు. ఇంటికి వచ్చి చూడగా ‘మ’కారపు పదములలో పదునారు పుటలు లేవు, వానికి బదులు ముందరి పదునారు పుటలే రెండవమారు కుట్టబడియున్నవి. అంగడివారు మార్చి యీయలేదు. ఆ పదునారు పుటలను గ్రంథాలయములో కూర్చుండి చేతితో వ్రాసికొనవలసివచ్చినది. ఆ పుటలలోని మాటలు మాత్రము వారికి నేటికిని కంఠస్థములని ఒప్పుకొనవలెను.

మేము చెప్పిన నిఘంటువులన్నియు అర్థమును ఆంగ్లముననో పారసీకముననో చెప్పునవి. తెలుగు పిల్లవాడు పారసీక పదమును ఆంగ్లములోనికి మార్చుకొని, ఆ ఆంగ్లమును మరల తన మనసులోనికి మార్చుకొనుచున్నాడు. రెండు కాలువలు దాటి నీరు తెచ్చుకొనుట వంటిదిది. దీనికి అంగడిలో మందు లేదు. నూరు పుటల గీతల పుస్తకమొకటి కొనిపెట్టుడు. ప్రతి పుటను నాలుగు నిలువు గడులుగా విభజింపుడు. మొదట పారసీక లిపిలో పదము, రెండవ గడిలో తెలుగు లిపిలో ఉచ్చారణ, మూడవ దానిలో తెలుగు అర్థము. ఆ మాట మన ఇంటిలో ఇదివరకే వాడుకలో నున్నచో, ఏ యర్థమున వాడుదురో నాలుగవ గడిలో వ్రాయవలెను. మూడవ, నాలుగవ గడులు కలియని చోట ఎర్రసిరా గీత. తనఖా, గులాబు, రాజీనామా ఎర్రగీతలతో నుండును. కార్ఖానా, దరఖాస్తు, నమూనా గీత లేక యుండును. బ్రౌను దొర గూడ తెలుగులో వాడుకలో నున్న అన్యదేశ్య పదములను తన పెద్ద నిఘంటువునకు తోడుగా వేరొక గ్రంథముగా 1854లో ప్రచురించెను.

ఆ నాలుగవ గడిని పిల్లవాడు ఒంటరిగా నింపలేడు. అది తల్లిదండ్రులు, తాతలు నింపవలసినది. దస్తావేజు, ఖరారు, బందోబస్తు, గుమాస్తా, జమా, మజూరీ వంటి మాటలు కార్ఖానాలో వాడిన పెద్దలకు వాని అసలు వాడుక తెలిసినట్లు ఏ పుస్తకమునకును తెలియదు. పారసీకము చదువు పిల్లవానికి సాయంకాలము తాత యొద్ద కూర్చుండి తెలుగు మాటలడుగ వలసిన పని పడినచో, ఆ భాష వాని తెలుగును తీసికొనిపోవునను భయము మాకు లేదు.

హయీమ్ ప్రతి యొకటి, లాంబ్టన్ పదకోశ మొకటి మా యొద్ద నున్నవి. వచ్చు శనివారము మధ్యాహ్నము నుండి వానిని మన బడి గ్రంథాలయపు బల్లపై నుంచెదము. కొనుటకు ముందు ఎవరైనను వచ్చి త్రిప్పి చూచుకొనవచ్చును. వచ్చునప్పుడు ఇంటిలో వాడుకలో నున్న పాత కచేరి మాటలను, మగ్గపు మాటలను ఒక పది కాగితముపై వ్రాసికొని రండు, కలిసి వెదకుదము.